మా అరుగూ, టీచరుగారి సున్నపు గీతా

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను కోతలు కోస్తాను. మా ఇంట్లో కనిపించిన ఎలుక వీధి చివరికి వెళ్లేసరికి పందికొక్కవుతుంది, నరసాపురం రేవు దాటేసరికి దూడంత అవుతుంది. తప్పు నాది కాదు, ఇక్కడి గాలిది. ఉప్పూ తేమా తగిలితే ఏదైనా ఉబ్బుతుంది. ఇందులో పూర్తిగా కల్పించిందేదో చివర్లో నేనే చెబుతాను. అంతవరకూ నమ్ముతూ ఉండండి.

మా వీధి రేవుకి అడ్డదారి. పంటు మీద గోదావరి దాటాల్సిన బళ్లన్నీ పెద్దరోడ్డు మానేసి మా గుమ్మాల ముందునుంచే దూసుకుపోతాయి. పంటు కూత వినబడిందంటే చాలు, ఐసు ఆటోలు, చేపల తట్టలు కట్టిన మోటారుసైకిళ్లు, కాలేజీకి ఆలస్యమైనవాళ్లు, అందరూ ఒకేసారి. ఒకరోజు కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడితే పక్కనుంచి ఒక బండి వెళ్లింది. ఆ గాలికి కాఫీ చల్లారిపోయింది. మా పిల్లి ఎదురింట్లో ఉన్న తన చెల్లెల్ని చూసి రెండేళ్లయింది.

పూర్వం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లందరూ అరుగుల మీద చేరి లేసు అల్లేవారు. చేతిలో సూది, ఒళ్లో దారం ఉండ, నోట్లో ఊరి సంగతులు. బళ్లు పెరిగాక దుమ్ము తెల్లదారం మీద పడుతోందని లోపలికి వెళ్లిపోయి, ట్యూబులైటు కింద కళ్లు చికిలించుకుంటూ అల్లుతున్నారు. అరుగులన్నీ ఖాళీ. ఒక్క మా అరుగు తప్ప. దాని మీద నేనుంటాను. ఎర్రగచ్చు, చల్లగా ఉంటుంది. వీపు ఆనించుకోవడానికి స్తంభం కూడా ఉంది. మా నాన్నగారు దాన్ని కాస్త ధారాళంగా కట్టించారు. మురుగుకాలవ దాటి వీధిలోకి రెండడుగులు వచ్చింది. ఆ రెండడుగుల గురించి మా ఇంట్లో ఎవరమూ మాట్లాడుకోం.

ఎదురింటి టీచరుగారు ఈమధ్యే రిటైరయ్యారు. బడిలో డ్రాయింగు చెప్పేవారు, ఆదివారాలు చర్చిలో పాటలు నేర్పేవారు. ఒక ఉదయం నేను తలుపు తీసేసరికి ఆవిడ మా అరుగు పక్కన వంగి ఉన్నారు. చేతిలో లేసుదారం, దానికి అడుగుకో ముడి.

"ఏంటండీ టీచరుగారూ, మా అరుగుకి లేసు అల్లుతున్నారా?"

"లేదండీ అన్నయ్యగారూ, కొలుస్తున్నాను."

"ఎందుకండీ?"

"ఊరికేనండి."

ఇన్నేళ్ల జీవితంలో నన్నూ నావాటినీ కొలిచినవాళ్లు ఇద్దరే, దర్జీ ఒకడు, సర్వేయరు ఒకడు. ఇద్దరూ కొలిచాక చేసేది కత్తిరింపే.

ఆ సాయంత్రం ఆవిడ వీధివాళ్లందర్నీ తమ గుమ్మం ముందుకు పిలిచారు. పది రోజులు ఒక ప్రయోగం చేద్దామన్నారు. వీధికి రెండు పక్కలా సున్నంతో గీతలు గీసి, గీతల మధ్యనుంచి బళ్లూ, గీతలకి ఇవతల మనుషులూ. రొయ్యల థర్మోకోలు పెట్టెల్లో మట్టి పోసి బంతిమొక్కలు, కూర్చోవడానికి కొబ్బరిదుంగలు. గీతలు కొంచెం వంకరగా గీస్తే బళ్లు నెమ్మదిస్తాయన్నారు. వంకర ఎవరింటి వైపు అని అడిగాన్నేను. అంతే, ఒక్కొక్కరూ వంకర తమ ఇంటి వైపు వద్దన్నారు.

"సరేనండీ, తిన్నగానే గీద్దాం. సున్నమే కదా, నచ్చకపోతే బకెట్టు నీళ్లతో పోతుంది," అన్నారావిడ. మరీ తొందరగా ఒప్పుకున్నారనిపించింది నాకు.

సున్నమే కదా! పక్కవీధి రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందొచ్చింది ఆ సున్నమే. దాని వెనకాల జేసీబీ వచ్చింది. ఈ సంగతి నేను వీధిలో నలుగురి చెవినా వేశాను. మా గుమ్మం దగ్గర ఒక్క జేసీబీ అనే మొదలుపెట్టాను. వీధి చివరి బడ్డీకొట్టు చేరేసరికి అవి మూడయ్యాయి, ఒకటి అప్పటికే పంటు దిగుతోంది.

ఆదివారం చర్చి అయ్యాక లేసు అల్లేవాళ్లంతా కలిసి గీతలు గీశారు. స్కేలు పెట్టినట్టు తిన్నగా వచ్చాయి. ఎదురుపక్క గీత బాగానే ఉంది. ఇటుపక్క గీత మాత్రం తిన్నగా వచ్చి మా అరుగు మీదికెక్కి, నేను కూర్చునే చోటుగుండా నడిచి, అటుపక్క దిగిపోయింది. దారినపోయేవాళ్లు ఆగి మరీ చూశారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నాలుగు సార్లు వడ్డించుకున్నా సహించలేదు.

మర్నాడు తెల్లవారుజామున మా ఆవిడ కళ్లాపి చల్లుతూ అరుగు మీది గీత కడిగేసింది. కడిగేసి ఊరుకోలేదు. ముగ్గు గిన్నె తెచ్చి, అరుగుని చుట్టి వీధిలోకి ఇంకో అడుగు జరిపి కొత్త గీత గీసింది.

"ఏంటే అది?"

"గీత చెరిగిపోతే టీచరుగారు బాధపడరూ? అందుకని మళ్లీ గీశాను."

"అది అక్కడ లేదు కదే."

"ఇప్పుడుంది కదండీ. మీకేంటి నష్టం?"

ఇంత తెలివి మా ఇంటికే ఉందని మురిసిపోయి తలెత్తి చూద్దును కదా, వీధంతా అదే పని. కళ్లాపి చల్లేవాళ్లు కళ్లాపితో, వాకిలి కడిగేవాళ్లు నీళ్లతో, ఎవరి గుమ్మం ముందు గీత వాళ్లు చెరిపేసి, ఒక అడుగు అవతలికి తోసి గీస్తున్నారు. మనం తోశామని ఎదురింటివాళ్లు తిరిగి తోస్తారు. వాళ్లు తోశారని మర్నాడు మనం. ఎవర్నడిగినా, "అబ్బే, నిన్న కూడా ఇక్కడే ఉందండీ," అంటారు. పాతచోటే పడి ఉంటే అనుమానం వస్తుందని పెట్టెల్నీ, దుంగల్నీ కూడా గీతతోపాటే జరిపారు. నాలుగోరోజుకి మా వీధి కడుపునొప్పి వచ్చిన జెర్రిపోతులా మెలికలు తిరిగింది.

పంటు కూసింది. ఎప్పటిలాగే దూసుకొచ్చిన ఐసు ఆటో మొదటి మెలికలోనే నీరసపడింది. రెండో మెలికలో డ్రైవరు తల బయటపెట్టి, "ఏంటండీ బాబూ, ఇది వీధా, జిలేబీయా? నేను రేవుకెళ్లేలోపు ఐసు కాస్తా నీళ్లయిపోద్దండీ!" అని అరిచాడు. అరిచాడే గానీ నెమ్మదిగానే వెళ్లాడు. ఆ మధ్యాహ్నం మూలింటి మామ్మగారు సూదీ దారం పట్టుకుని బయటికొచ్చి ఒక దుంగ మీద కూర్చున్నారు. ఆవిణ్ని చూసి ఇద్దరు, వాళ్లని చూసి ఆరుగురు. మా పిల్లి వీధి దాటి వెళ్లి, చెల్లెల్ని గుర్తుపట్టక కాసేపు దెబ్బలాడి వచ్చింది.

నేను బాధ నటిస్తూ టీచరుగారి దగ్గరికెళ్లాను. "మీ గీత పాడైపోయిందండీ."

"వంకరగా గీద్దామంటే ఒక్కరూ పడనివ్వలేదు కదండీ అన్నయ్యగారూ," అన్నారావిడ, అల్లిక లోంచి తలెత్తకుండా. "అందుకని తిన్నగా గీసి మీ చేతులకే వదిలేశాను."

అప్పుడు నాకు అసలైన భయం పట్టుకుంది. మా చేతనే వంకర గీయించిన మనిషి, నా అరుగుని ఊరికే కొలుస్తుందా?

పదోరోజు మునిసిపల్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు. ఎవరో ఫిర్యాదు చేశారట. "ఇంటింటి సంతకాలతో ప్లాను ఇస్తే ఇంకో మూడు నెలలు ఉంచుకోండి. లేదంటే సాయంత్రానికల్లా తీసేయండి," అన్నారు. టీచరుగారు సంచిలోంచి కాగితం తీశారు. ముందే గీసి ఉంది! ప్రతి మెలికా, ప్రతి దుంగా, ప్రతి అరుగూ, పక్కన కొలతలూ. అందరూ సంతకాలు పెట్టారు. చివరికి నా దగ్గరికొచ్చింది.

పెడితే మా నాన్నగారి ధారాళం నా చేతి మీదుగా ఫైలుకెక్కుతుంది. పెట్టకపోతే సాయంత్రానికి అందరూ మళ్లీ ట్యూబులైటు కిందికి వెళ్లిపోతారు. వీధిలో సూదులన్నీ ఆగిపోయాయి. మామ్మగారు కళ్లజోడు తీసి నన్నే చూస్తున్నారు. కాగితం మీద మా అరుగు ఉన్న చోట 'అందరూ కూర్చునే చోటు' అని రాసి ఉంది.

"టీచరుగారూ, ఇది మా అరుగండీ."

"ఆయ్, మీదేనండి. అరుగని రాస్తే కొట్టేయమంటారేమోనని నా భయం. కూర్చునే చోటంటే ఉంచమంటారు. ఏది రాయమంటారో మీరే చెప్పండి."

"తొందరగా తేల్చండి సార్, నేను పంటు అందుకోవాలి," అన్నారు ఆఫీసాయన.

పెట్టాను. ఆయన బండెక్కి మెలికలన్నీ తిరిగి రేవు చేరేసరికి పంటు వెళ్లిపోయిందట.

ఇప్పుడు భోజనాలయ్యాక మా అరుగు మీద ఏడుగురు కూర్చుని లేసు అల్లుతారు. స్తంభానికి వీపు ఆనించుకునేది టీచరుగారు. నేను ఎదుటి కొబ్బరిదుంగ మీద, ఎండలో. మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చినా ముందు అరుగుకే వెళుతుంది. మొదటిరోజే అనుమానపడ్డాను, టీచరుగారు నా అరుగు మీద కన్నేశారని. ఒక్కరూ నమ్మలేదు.

ఇక ఒప్పుకోవలసింది మిగిలింది. కాఫీ, పిల్లి, ఏదో కాస్త ఉబ్బించినవి. అవి మీకూ తెలుసు. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఆ రెండడుగులు. టీచరుగారి దారం మీద అవి నాలుగు ముళ్లు, అంటే నాలుగడుగులు. కాగితంలోనూ ఆవిడ నాలుగనే వేశారు, నేను సంతకం పెట్టింది దాని కిందే. పుట్టి బుద్ధెరిగాక నేను తగ్గించి చెప్పింది అదొక్కటే.