అచ్చులో బోణీ బేరం

గుడియాత్తంలో లుంగీ ధరను అందరికంటే ముందు అచ్చేసినవాణ్ణి నేనే. ధర తప్పు. అయినా ముందు నాదే.

ఊళ్ళో అప్పుడప్పుడే పవర్‌లూములు మొదలయ్యాయి. నూలు ఎంత, లుంగీ ఎంత అని మగ్గాలవాళ్ళకు వారం వారం చెప్పే పత్రికలు రెండే: గుడియాత్తంలో నాది, వేలూరులో ఇంకొకాయనది. రెండూ సైక్లోస్టైల్ చేసిన ఒంటి కాగితాలు. రెండూ అరవంలోనే, అరవదేశంలో పుట్టి పెరిగిన మా తెలుగువాళ్ళలో తెలుగు అక్షరం చదివేవాళ్ళు ఎందరని? వేలూరాయన పార్టీ మీటింగుల్లో మాట్లాడి నోరు తిరిగినవాడు. ఎన్నికలొస్తే ఏ పార్టీ రంగు అంచున్న పంచె బాగా పోతుందో ముందే రాసేవాడు. నాకు ఆ విద్య లేదు. కాబట్టి ఆయన్ను పొద్దుతో కొడదామనుకున్నాను.

ఆయన శనివారం అంగళ్ళు మూసే వేళకు ధర కనుక్కునేవాడు. నేను అంగళ్ళు తెరవగానే కనుక్కుని, మధ్యాహ్నానికల్లా బస్టాండులో పత్రిక పంచేసేవాణ్ణి. కానీ తెరవగానే జరిగేది బోణీ బేరం. మొదటి గిరాకీని ఒట్టి చేతులతో పంపకూడదని అంగడివాడు నష్టానికైనా ఇచ్చేస్తాడు. అది ఆ రోజు ధర కాదు. అంగట్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఈ సంగతి నాకు తెలియదంటే మా నాయన ఫోటో కూడా నవ్వుతుంది.

కొత్త చందాలు వచ్చాయి. ఒక ఆదివారం పరదరామి వైపు నుంచి నా పాత చందాదారు ఒకాయన కూడా వచ్చాడు. అప్పు చేసి రెండు మగ్గాలు పెట్టుకున్నవాడు. చేతిలో రెండు పత్రికలూ ఉన్నాయి.

“అప్పా, మా లుంగీలు కొనే మండీ ఆయన నీ కాగితం చూపించి తక్కువకు కొనేసినాడు. ‘మీ తెలుగాయనే రాసినాడు చూడు’ అనె. వేలూరు కాగితంలో ధర మేలుగా ఉండాది. యాడ తప్పు?”

“తప్పేముంది నాయనా, సాయంత్రానికి మార్కెట్టు ఎక్కె.”

“వారం వారం సాయంత్రానికే ఎక్కుతాదా?”

“ఇప్పుడు సీజను అట్ల ఉండాది.”

“అట్లయితే నేనూ సాయంత్రం దాకా ఆగి అమ్మేదా?”

ఆగు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే, ఆయన వేలూరు పత్రిక మనిషి అయిపోతాడు.

“ఆగితే దిగినా దిగొచ్చు. చేతికొచ్చింది తీసుకో,” అన్నాను.

ఆయన నవ్వాడు. “అంగడోళ్ళ బిడ్డవి, నీకు తెలీనిదా” అని బస్సెక్కాడు. నమ్మి, వానలు పోయేదాకా నా ధరకే అమ్మాడు. అప్పు వడ్డీ కట్టలేక రెండో మగ్గం అమ్మేశాక ఇంకోసారి వచ్చాడు.

“ఒక మగ్గానికి పత్రిక ఎందుకప్పా. నిలిపేయి,” అన్నాడు. తిట్టలేదు. టీ కూడా ఆయనే తాగించాడు. నేను తాగాను.

లెక్క ఇది. ఆయనకు పోయింది: వానాకాలమంతా లుంగీకి ముప్పావలా, చివరికి ఒక మగ్గం. నాకు వచ్చింది: వేలూరాయన దగ్గర నుంచి లాగిన చందాలు, లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు. నేను ఆయనకు తిరిగి ఇచ్చింది: ఏడాది చందాలో, అందిన వారాలకు పట్టుకోగా మిగిలిన రెండు రూపాయలు.