పిరిహిరా కొలిచిన చెట్లు

పుకెమారో లోయలో టపా వ్యాను నడిపే పిరిహిరా, పెద్ద కౌరి చెట్టు కనిపిస్తే ఊరికే దాటిపోయే మనిషి కాదు. ముందు దాని ఎదుట నిలబడి పలకరిస్తుంది. తను ఎవరి కూతురో, ఏ కొండ మనిషో, ఏ వాగు నీళ్ళు తాగి పెరిగిందో చెప్పుకుంటుంది. ఆ తర్వాతే సంచీలోంచి టేపు తీస్తుంది.

"పిల్లనడగడానికి వచ్చినట్టు ఆ వంశమంతా ఏకరువు పెట్టడం ఎందుకే? కొలుచుకుని పోదాం, కడుపు కాలిపోతోంది" అని మొగుడు హోహువా గొణుగుతాడు. గొణుగుతూనే టేపు కొస పట్టుకుని మానుకి ఆనుకుని నిలబడతాడు.

వాళ్ళ పద్ధతి ఎప్పుడూ అదే. హోహువా కదలడు. పిరిహిరా టేపు వదులుతూ మాను చుట్టూ నడుస్తుంది. ఎక్కడైనా మెలిక పడిందేమోనని మళ్ళీ ఒక చుట్టు తిరుగుతుంది. కొలత సరిగ్గా వచ్చిందో లేదోనని ఇంకో చుట్టు. కౌరి మాను అంటే ఆరుగురు చేతులు కలిపి నిలబడ్డా అందేది కాదు మరి. తను తిరిగొచ్చేసరికి మొగుడు నిలబడే నిద్రపోతుంటాడని ఆమె అందరితో చెప్పి నవ్విస్తుంది. హోహువా తక్కువ తిన్నాడా, పట్టిన చేపలకి చేసినట్టే కొలిచిన చెట్లకీ ఒకటికి రెండు చేసి చెప్తాడు. "ఆయన చెప్పినదాంట్లో రెండు మీటర్లు తగ్గించుకోండి" అని వంటింట్లోంచి పిరిహిరా కేకేస్తుంది.

ఈ కొలతల పిచ్చి ఆమెకి తండ్రి వల్ల పట్టుకుంది. ఆయన బంక తీసేవాడు. మేకుల బూట్లు తొడుక్కుని, తాడు పట్టుకుని మానుల మీదికి పాకి, గొడ్డలితో గాట్లు పెట్టేవాడు. కారి గడ్డకట్టిన బంకని కొన్ని నెలలాగి ఒలుచుకొచ్చి అమ్మేవాడు. ప్రభుత్వం వద్దంది గానీ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఆ గాట్లు ఇప్పటికీ మానుల మీద మచ్చలుగా ఉన్నాయి. పెద్దయ్యాక వాటిని చూసినప్పుడల్లా పిరిహిరాకి తల కొట్టేసినట్టుండేది. నాన్న గాయపరిచిన అడవికి తనవల్ల ఒక మంచి జరగాలనుకుంది. ఒక్కో మానుని వెతికి, కొలిచి, దేశంలోని పెద్ద చెట్ల జాబితాలోకి ఎక్కించింది. దాంతో ఆ అడవిని నరకడానికి ఎవరూ రాలేదు. ఆ గొప్ప ఆమెదే, లోయలో కాదనేవాళ్ళు లేరు.

అలాంటి అడవిలో ఒక ఏడాది 'అక్కచెల్లెళ్ళు' అని పిలిచే జంట మానుల ఆకులు పసుపుపచ్చగా మారాయి. మరుసటేడు చివరి కొమ్మలు ఎండాయి. మాను మొదట్లో ఎవరూ గాటు పెట్టకుండానే బంక కారడం మొదలైంది. అప్పుడు పట్నం నుంచి ఐలీన్ అనే పాకెహా, అంటే తెల్లవాళ్ళ పిల్ల వచ్చింది, మట్టి పరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. వారాల తరబడి అడవంతా తిరిగి మట్టి పొట్లాలు కట్టుకుపోయింది. చివరికి ఒక ఆదివారం ఊరంతా చేరే మా మరాయెలో, పంది మాంసం, చిలగడదుంపల భోజనాలయ్యాక, సభామందిరంలో నిలబడి ఫలితాలు చెప్పింది.

"జబ్బు మట్టిలో ఉంది. తడి మట్టి దేనికి అంటుకుంటే దానితో పాటే పోతుంది. కౌరి వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి, చెట్టు దగ్గర ఒక్క అడుగు పడ్డా చాలు." అలా చెప్పి ఏ చెట్లకి సోకిందో పేర్లు చదవడం మొదలుపెట్టింది. అక్కచెల్లెళ్ళు. ఒంటిచేతి మాను. వాగు కాపలావాడు. పొడుగు మెడ.

పిరిహిరా తలుపు దగ్గర నిలబడి గిన్నె తుడుస్తూ వింటోంది. నాలుగో పేరు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. తర్వాత ఏ పేరు వస్తుందో ఆమెకి తెలుసు. ఐలీన్ అదే చదివింది. ఆ తర్వాతదీ తెలుసు. అది తను నడిచిన దారి. ఏ చెట్టు దగ్గర నుంచి ఏ చెట్టు దగ్గరికి వెళ్ళిందో, అదే వరస. జబ్బు లేనివేమో తను ఎక్కలేక వదిలేసిన చరియ మీదివి, కొలవడానికి చిన్నవిలే అని దాటిపోయినవి.

"అవన్నీ నేను కొలిచిన చెట్లు" అంది.

"నీకు కాక ఎవరికి తెలుస్తాయే?" అంది ముందు వరసలో కూర్చున్న కెయిటా పెద్దమ్మ.

"అది కాదు పెద్దమ్మా. నేను కొలిచినవే చస్తున్నాయి. కొలవనివి బాగానే ఉన్నాయి."

ఐలీన్ మంచి పిల్ల, గబగబా అడ్డుపడింది. "అడవి పందులు కూడా మట్టిని మోస్తాయి ఆంటీ. వేటగాళ్ళు తిరుగుతారు, చూడ్డానికి జనం వస్తారు. ఫలానావాళ్ళే తెచ్చారని చెప్పలేం."

"పందులు ఒక్కో చెట్టు చుట్టూ మూడేసి సార్లు తిరగవమ్మా. ఆ జనం కూడా నేను జాబితాకెక్కించబట్టే వచ్చారు."

కెయిటా పెద్దమ్మ నోరు మంచిది కాదు. "మీ నాన్న గొడ్డలితో నరికితే బతికాయి. నువ్వు ముద్దు చేస్తే చస్తున్నాయి" అంది. హోహువా లేచి పెళ్ళాం పక్కకొచ్చి నిలబడ్డాడు. పిరిహిరాకి కోపం కూడా రాలేదు. ముసలావిడ అన్నదాంట్లో తప్పేముందో వెతికితే దొరకలేదు.

మర్నాడు తెల్లారుతూనే పిరిహిరా వాళ్ళ అన్న తమెహానా అడవి మొదట్లో మంత్రం చదివి రాహుయి వేశాడు. మా దగ్గర రాహుయి అంటే పెద్దలు వేసే కట్టడి, అది తీసేదాకా ఎవరి అడుగూ లోపల పడకూడదు. పందుల వేటకి లేదు, మందాకులకి లేదు. "మనవాళ్ళకైనా ఇంతే" అని తమెహానా చెల్లెలి వైపు చూశాడు.

"లోపలికి రాకూడనివాళ్ళలో నా పేరే ముందు చెప్పు అన్నా" అంది పిరిహిరా.

ఇంతవరకూ జరిగినదాన్ని ఆమె ఎలాగో మింగుకునేదే. మింగుడుపడనిది ఇంకొకటుంది. వెనక కొండ దాటాక వాగు మలుపులో ఒక మాను ఉంది. దానికి ఆమె కోరో అని పేరు పెట్టుకుంది, అంటే తాత. అంత పెద్ద మాను ఈ లోయలో ఇంకొకటి లేదు. మూడేళ్ళ కింద అది కనిపించిన రోజున హోహువా ఎవరిదో చావుకి వెళ్ళాడు. పొద్దున్నే అక్కచెల్లెళ్ళని మళ్ళీ కొలిచి, వానలో అటునుంచటే నడిచి, బురద బూట్లతోనే కోరో దగ్గరికి చేరింది. పట్టుకునేవాళ్ళు లేక మానుకి తాడు చుట్టి కొలిచింది. ఆనందం పట్టలేక ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలియదు. ఆ సంగతి మొగుడికీ అన్నకీ తప్ప ఎవరికీ చెప్పలేదు, దారి మాత్రం వాళ్ళకీ చెప్పలేదు. తెలిస్తే జనం వచ్చి తొక్కేస్తారని ఆమె భయం. జనం కాళ్ళని చూసి భయపడింది గానీ, తన కాళ్ళవంక చూసుకోలేదు.

రెండు రోజులు తిండి సహించలేదు. మూడో రోజు గొర్రెల దొడ్డి పైనున్న గుట్ట ఎక్కి బైనాక్యులర్స్‌తో చూసింది. దూరంగా కోరో తల పచ్చగా, నిండుగా ఉంది. ఆయాసపడుతూ దిగొచ్చి ఐలీన్‌కి ఫోన్ చేసి, కోరో సంగతంతా చెప్పేసింది.

"పచ్చగా ఉందని నమ్మలేం ఆంటీ. వేళ్ళు కుళ్ళాక పైకి తెలియడానికి ఏళ్ళు పడుతుంది. మాను మొదట్లో చూడాలి. బంక కారుతుంటే మానులోకి మందు ఎక్కిస్తాను. నయం కాదు గానీ జబ్బు నెమ్మదిస్తుంది. ఆలస్యమైతే అదీ పనిచెయ్యదు."

"చూడాలంటే మళ్ళీ ఎవరో ఒకరు అక్కడ కాలు పెట్టాలిగా?"

"పెట్టాలి. కొత్త బూట్లతో, కడుక్కుని. అయినా భయం ఉండదని చెప్పను."

సంగతి విని తమెహానా ఒక్క రోజుకి, రెండు జతల కాళ్ళకి కట్టడి సడలించాడు. ఒక జత ఐలీన్‌ది. రెండోది పిరిహిరాదే అనుకున్నారు అందరూ. దారి తెలిసింది ఆమెకే కదా. ఆమెకీ వెళ్ళాలనుంది. ఉండటమేమిటి, ప్రాణం కొట్టుకుపోతోంది. మూడేళ్ళుగా మళ్ళీ చూడాలని, మళ్ళీ దాని మొదట్లో నిలబడి తలెత్తాలని దాచుకున్న కోరిక అది.

"హోహువా వెళ్తాడు" అంది.

హోహువా తాగుతున్న టీ కప్పు కింద పెట్టాడు. "నేనా? నువ్వు చెప్పిన దారిలో పోతే నేను ఆక్లండ్ పట్నంలో తేలతాను."

"కుర్రతనంలో పందుల కోసం ఆ కొండంతా తిరిగినవాడివేగా. చెప్తా, విను."

"నువ్వే వెళ్ళొచ్చుగా పిరీ? కొత్త బూట్లు వేసుకుంటే నీ కాళ్ళైనా నా కాళ్ళైనా ఒకటే."

"ఒకటి కావు. నేను దూరంగా ఆగలేను. దగ్గరికి పోతా. చెయ్యి వేస్తా. ఆ పక్కనెలా ఉందోనని చుట్టూ తిరుగుతా. నా సంగతి నాకు తెలుసు." టీ కప్పు పక్కకి జరిపి, "నీకు నిలబడమంటే నిలబడటం వచ్చు" అంది.

వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బాని కొండ చేసి, చెంచాలని వాగులు చేసి దారి చెప్పింది. హోహువా తిరిగి అప్పజెప్పేదాకా వదల్లేదు. వెళ్ళే రోజు అడవి మొదట్లో, ఇద్దరి బూట్లనీ తనే మందు నీళ్ళతో కడిగింది. కడుగుతూ తలెత్తకుండానే అంది: "అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పు. పెంచొద్దు. నా ముఖం చూసి తగ్గించొద్దు."

"నేనెప్పుడు తగ్గించాను?" అన్నాడు హోహువా. నవ్వుదామని అన్న మాటే గానీ, అతనికే నవ్వు రాలేదు.

వాళ్ళు చెట్లలోకి వెళ్ళాక పిరిహిరా కంచె పక్కన మందు నీళ్ళ బకెట్టు పెట్టుకుని కూర్చుంది. ఫ్లాస్కులో టీ ఉంది, తాగబుద్ధి కాలేదు. మొదలు పొడిగా ఉంటుందిలే అని కాసేపు అనుకుంది. ఆ రోజు వాన పెద్దది, దారిలో మట్టంతా కొట్టుకుపోయి ఉంటుందని కాసేపు సర్దిచెప్పుకుంది. కారితే కారనీ, మందు పనిచేస్తుందిలే అని ఇంకాసేపు. నాన్న మీద జీవితమంతా పెట్టుకున్న కోపం గుర్తొచ్చింది. ఆయనకి తను చేస్తున్నదేమిటో తెలుసు. కూతురికి ఆ తెలివిడి కూడా లేకపోయింది.

ఎండ వాలాక వచ్చారు. హోహువా ముందు నడుస్తున్నాడు, నెమ్మదిగా. కంచె దగ్గర ఆగి పెళ్ళాం వంక చూశాడు. అతని పెదాలు కదిలిన తీరు ఆమెకి తెలుసు, ఏదో మంచి మాట వెతుక్కుంటున్నాడు. ఆమె అతని ముఖంలోంచి చూపు తిప్పలేదు.

"కారుతోంది" అన్నాడు చివరికి. "వాగు వైపు. అక్కడ కూర్చోడానికి వీలుగా ఒక రాయుంది. దానికి ఎదురుగా."

"ఆ రాయి నేనే దొర్లించుకొచ్చి వేసుకున్నా" అంది పిరిహిరా. "అన్నం తిన్నా దాని మీద కూర్చుని."

"మందు ఎక్కించాను ఆంటీ" అంది ఐలీన్. "జబ్బు ఇంకా మొదలైన దశలోనే ఉంది. చాలా ఏళ్ళు ఉండొచ్చు."

"ఉండకపోనూవచ్చు."

"ఉండకపోవచ్చు కూడా."

హోహువా అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. పిరిహిరా ఏడవలేదు. బకెట్టు ముందుకి లాక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని అతని బూటు చేతిలోకి తీసుకుంది. అడుగున గాడి గాడిలోనూ బ్రష్షు పెట్టి తోమింది. మందు నీళ్ళు పోసి మళ్ళీ తోమింది. ఒకటయ్యాక రెండోది, రెండోది అయ్యాక మళ్ళీ మొదటిది. నీళ్ళు తేటగా దిగుతున్నా ఆపలేదు. ఐలీన్ వంగి ఆమె చేతిలోంచి బ్రష్షు తీసుకోబోయింది.

"చాలు ఆంటీ. శుభ్రమయ్యాయి."

పిరిహిరా బ్రష్షు వదల్లేదు. "నీకెలా తెలుసు?" అని అడిగింది.