బంతి కాలు వదిలేదాకా

సముద్రం వెనక్కి తగ్గగానే బురదలోకి దిగి ఆల్చిప్పలు తవ్వే ఆడవాళ్ళం మేము. మా గలీసియా తీరంలో ఈ పని తల్లి నుంచి కూతురికి వస్తుంది. నా పక్కన తవ్వే డొరిందా కూతురు సబేలాకు మాత్రం అబ్బలేదు. మేం వంగి తవ్వుతుంటే ఆ పిల్ల తడి ఇసుకలో మగపిల్లలు తన్నే బంతులకు అడ్డం పడుతూ ఉండేది. పంతొమ్మిదో ఏట నగరంలోని ఆడవాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బు ఆమెను జీతమిచ్చి గోల్‌కీపర్‌గా తీసుకుంది.

మొదటి మ్యాచ్‌లోనే అవతలి జట్టుకు పెనాల్టీ వచ్చింది. కీపర్లంతా ముందే ఏదో ఒక పక్కకు దూకేస్తారు. సబేలా కదల్లేదు. బంతి ఎడమ మూలకు వెళ్తుంటే అప్పుడు చేయి చాచింది. అందలేదు. స్టేడియమంతా ఈలలు. మా దగ్గర ఈల వేశారంటే తిట్టినట్టే. మర్నాడు పత్రికలో, బైబిల్లో వెనక్కి చూసి బిగుసుకుపోయిన ఆవిడతో పోల్చి ‘ఉప్పు స్తంభం’ అని రాశారు.

కోచ్ లోరీదో ఆమెను పిలిచాడు.

“తప్పు పక్కకైనా సరే, దూకు. దూకి ఓడితే జనం ఊరుకుంటారు. నిలబడి ఓడితే ఊరుకోరు.”

“జనం ఊరుకోవాలని దూకాలా కోచ్? బంతి కాలు వదిలేదాకా నేను కదలను. ఎటొస్తుందో తెలిసేది అప్పుడే కదా.”

“అప్పటికి ఆలస్యమైపోతుంది.”

“ఒక్కోసారి అవుతుంది.”

ఆ జవాబుకు చలికాలమంతా బెంచీ మీదే కూర్చోబెట్టాడు. సబేలా సెలవు రోజుల్లో వచ్చి మాతో బురదలోకి దిగేది.

“ఒక్కసారి దూకితే నీ సొమ్మేం పోయిందే? నడుం పట్టేస్తుందా?” అంది డొరిందా.

“ఇసుకలో ఆల్చిప్ప ఊపిరి చిల్లు కనబడకుండానే నువ్వు తవ్వుతావా అమ్మా?”

“పెద్ద మాటలు నేర్చావు. తట్ట ఎత్తు.”

సీజన్ ఆఖరి మ్యాచ్. ఓడితే జట్టు కింది డివిజన్‌కు పడిపోతుంది. మధ్యలో మొదటి కీపర్‌కు భుజం జారింది. వేరే దిక్కు లేక లోరీదో సబేలాను దింపాడు. స్కోరు సమంగా ఉండగా, ఇక ముగుస్తుందనగా, అవతలి జట్టుకు పెనాల్టీ ఇచ్చారు.

“దూకు సబేలా, దూకు” అని లోరీదో గీత దగ్గర నుంచి అరుస్తున్నాడు. ఆమె అతని వైపు చూడనేలేదు.

అవతలి పిల్ల పరుగెత్తుకొచ్చి నడిమధ్యకు బలంగా తన్నింది. బంతి వచ్చి సబేలా ముఖానికే తగిలి ముందుకు పడింది. ముక్కు నుంచి రక్తం కారుతుండగానే దాని మీద పడి రెండు చేతులతో అదిమిపట్టింది. జట్టు నిలిచింది.

లోరీదో తువ్వాలు అందిస్తూ, “అదృష్టం” అన్నాడు.

“అలాగే అనుకోండి” అంది సబేలా ముక్కు పట్టుకుని. “వచ్చే ఏడు కూడా నేను దూకను.”

వేసవి అయ్యాక లోరీదో మొదటి కీపర్ చొక్కా ఆమెకే ఇచ్చాడు.

కొత్త సీజన్‌లో సొంత మైదానంలో తొలి ఆటకు డొరిందా, నేను కలిసి వెళ్ళాం. పెనాల్టీ పడింది. సబేలా నిలబడింది. బంతి కుడి మూలలో పడింది. మళ్ళీ ఈలలు. ఆమె వలలోంచి బంతి తీసి మైదానం మధ్యకు విసిరి, నడుం మీద చేతులు పెట్టుకుని గ్యాలరీ వైపు చూసింది.

మా ముందు వరుసలో ఒకాయన పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్ముతూ, “చూడు, మళ్ళీ స్తంభంలా నిలబడింది” అన్నాడు.

డొరిందా ముందుకు వంగి అతని భుజం తట్టింది.

“అది అలాగే నిలబడుతుంది బాబూ. అంత సరదాగా ఉంటే నువ్వు దూకు.”