మొహమాటస్తుడి కుక్క

మా తమ్ముడు వెర్లిన్ ఆస్గార్డ్‌కి అరవై నాలుగేళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లు కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. అన్నేళ్లలో ఎవరికైనా సూటిగా "వద్దు" అని చెప్పగా నేను వినలేదు. ఊళ్లో సగం మంది పడవలు చలికాలమంతా వాడి షెడ్డులో వెచ్చగా ఉంటాయి, వాడి సొంత పడవ బయట మంచు కింద ఉంటుంది. చర్చి బ్యాండులో ట్యూబా ఊదే ముసలాయన పోతే, ఆ ఇత్తడి గొట్టాన్ని తెచ్చి వీడి మెడకు తగిలించారు. వీడికి సంగీతం బొత్తిగా రాదు. పద్నాలుగేళ్లుగా ఊదుతున్నాడు, మేము పద్నాలుగేళ్లుగా వింటున్నాం. ఇక పెళ్లంటారా, అది తనే వెళ్లి ఒకరిని అడగాల్సిన పని, కాబట్టి జరగలేదు.

నిజం చెప్పాలంటే మిన్నెసోటాలో మా వాళ్ల తీరే అంత. కాఫీ పోయనా అని అడిగితే అయ్యో వద్దనాలి. రెండోసారి అడిగితే మీకెందుకు శ్రమ అనాలి. మూడోసారికి కప్పు ముందుకు జరపాలి. మొదటిసారే సరేనన్నవాడు మాకు ఆబగాడు, మూడోసారి కూడా కాదన్నవాడు పొగరుబోతు. నేనూ అలాగే పెరిగాను. కానీ బడి వంటింట్లో ఇరవై రెండేళ్లు గరిటె తిప్పాక నాకా మొహమాటం వదిలిపోయింది. నాలుగు వందల మంది పిల్లలకు మూడేసి సార్లు అడిగి వడ్డిస్తూ కూర్చుంటే సాయంత్రం బస్సు వెళ్లిపోతుంది.

పోయిన చలికాలం వెర్లిన్‌కి కుడి మోకాలు మార్చారు. ఇక మీదట బురదలో దిగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వీడికేమో బాతుల వేటంటే ప్రాణం. దానికి తోడు ఒక పట్టింపు కూడా ఉంది, కొట్టిన పక్షిని తెచ్చుకోలేనివాడు తుపాకీ ఎత్తకూడదని. జమ్ములో పడ్డ బాతును వదిలేసి ఇంటికి రావడం వాడివల్ల కాదు. అంటే, వెళ్లి తెచ్చే కుక్కైనా ఉండాలి, వేటైనా మానుకోవాలి.

అలా వచ్చింది లెఫ్సె. ఆడ లాబ్రడార్ పిల్ల. మేము పండగలకు పెనం మీద కాల్చుకునే బంగాళాదుంప రొట్టె రంగులో ఉందని ఆ రొట్టె పేరే పెట్టాడు. మే నెలకు దానికి తొమ్మిది నెలలు. చెప్పు విసిరితే తెస్తుంది, విసరకపోయినా తెస్తుంది, ఎదురింటివాళ్లవి కూడా తెస్తుంది. ఉత్సాహానికి కొదవ లేదు, బుద్ధి మాత్రం ఇంకా రావాలి. సెప్టెంబరు చివర్లో వేట మొదలవుతుంది. ఈ లోపల దీన్ని ఎక్కడ వేసి తయారు చేయించాలన్నదే వెర్లిన్ బెంగ.

మా దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి డ్వేన్ కెటిల్సన్ దగ్గర వదిలెయ్యడం. కుక్క నాలుగు నెలలు అక్కడే ఉంటుంది. మెడకు కరెంటు పట్టీ కడతాడు, చెవి నులిమి నోరు తెరిపించి, బాతుకు బదులు గుడ్డ డమ్మీ పట్టిస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆయన చేతిలో పడ్డ కుక్క చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. రెండోది ఇవెట్ థిబొడో నడిపే గురువారం క్లాసు. లూసియానా నుంచి వచ్చి మా ఊళ్లో మూడేళ్లుగా ఉంటోంది. చెరువు గట్టున వారానికోసారి ఆవిడ యజమానికి నేర్పుతుంది, యజమాని వారమంతా ఇంటి దగ్గర కుక్కకు నేర్పుకోవాలి. ఆలస్యమవుతుంది, తప్పులూ జరుగుతాయి.

"నీకేది కావాలిరా?" అని అడిగాను.

"గురువారం క్లాసే అక్కా. డ్వేన్ దగ్గర తయారైతే అది ఆయన కుక్కై తిరిగొస్తుంది. అది ఎందుకు తప్పు చేస్తోందో నాకు తెలియాలి కదా. పైగా నాలుగు నెలలంటే... ఇల్లు బోసిపోతుంది."

అంత పెద్ద మాట వాడి నోట రావడమే గొప్ప. సరే, తేలిపోయిందిలే అనుకున్నాను.

మరునాడు దాణా కొట్టు దగ్గర ఇవెట్ కనిపించి తనే పలకరించింది. "వెర్లిన్ గారూ, గురువారం క్లాసులో ఒక్క చోటు మిగిలింది. మీ పిల్లను తీసుకురండి."

మా వాడేమన్నాడు? "అయ్యో, మాకెందుకు లెండి, మీకు శ్రమ."

"సరే, మీ ఇష్టం," అని ఆవిడ దాణా మూట భుజానికెత్తుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా ఆ చోటు పళ్ల డాక్టరు గారి కుక్కకు ఇచ్చేసింది.

వెర్లిన్ మా వంటింట్లో కూలబడ్డాడు. "ఒక్కసారే అడిగిందక్కా."

"కావాలని చెప్పడానికి నీకేం రోగం?"

"చెబుదామనే ఉన్నాను. మూడోసారికి."

ఆ ఆదివారం చర్చి కింద గదిలో కాఫీలు తాగుతుండగా, పాస్టరు గారు పక్కన నిలబడి ఉండగా, డ్వేన్ అడిగాడు. "అన్నా, లెఫ్సెను నా దగ్గరికి పంపించకూడదూ?" వీడు వద్దన్నాడు. మళ్లీ అడిగాడు. నీకు చాలా కుక్కలున్నాయి కదా, ఎందుకు శ్రమ అన్నాడు వీడు. డ్వేన్ మూడోసారి అడిగాడు. వీడు కప్పులోకి చూస్తూ "సరే మరి" అన్నాడు. కావాలన్నది పోయింది, వద్దనుకున్నది మెడకు చుట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఫోన్ చేసి రావట్లేదని చెప్పు."

"మూడుసార్లు అడిగాడక్కా."

"ముప్ఫైసార్లు అడగనీ. కుక్క నీదా, ఆయనదా?"

వాడు ఫోన్ చెయ్యలేదు. వారం రోజులు లెఫ్సెను కారులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు.

జూన్ మొదటి సోమవారం డ్వేన్ ఇంటికి బయల్దేరాం. నేనెందుకు వెళ్లానంటే, తిరిగొచ్చేటప్పుడు వాడు ఒంటరిగా బండి నడపడం నాకిష్టం లేదు. డ్వేన్ పెరట్లో వరసగా ఇరవై రెండు బోనులు, ఇరవై రెండు కుక్కలు, ఖాళీ అన్నది లేదు. వరండాలో బట్టలుతికే మెషిన్ ఒకటి అడ్డంగా పెట్టి ఉంది. దాని పక్కన డ్వేన్ భార్య చేతులు కట్టుకుని, మొహం మాడ్చుకుని నిలబడి ఉంది.

"రా అన్నా. చోటు చూశాం," అన్నాడు డ్వేన్ నీరసంగా.

లెఫ్సె ఏడుస్తుందనీ, వెనక్కి లాగుతుందనీ నేను అనుకున్నాను. అదేం లేదు. డ్వేన్ తాడు పట్టుకోగానే తోక ఊపుకుంటూ, సంతోషంగా, పాత చుట్టంతో వెళ్తున్నట్టు వెళ్లిపోయింది. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. వెర్లిన్ ముఖం చూడలేకపోయాను. డ్వేనూ కుక్కా వరండా మెట్ల దాకా వెళ్లారు.

"వద్దు డ్వేన్."

ఎవరు మాట్లాడారా అని చుట్టూ చూశాను. మా వాడే.

డ్వేన్ ఆగాడు. "ఏమన్నావన్నా?"

"వద్దు. నా కుక్కకు నేనే నేర్పుకుంటాను. ఒకసారి వద్దంటే నువ్వు మర్యాదకన్నాననుకుంటావు. అందుకని మూడుసార్లూ ఇప్పుడే చెప్పేస్తున్నాను. వద్దు. వద్దు. వద్దు."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. డ్వేన్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"అన్నా, నీ కుక్క కోసం మా ఆవిడ బట్టలుతికే గది ఖాళీ చేసింది. వారం రోజులుగా నాతో మాటల్లేవు. నాకు చోటెక్కడుంది?"

"మరి ఎందుకు అడిగావయ్యా?" అన్నాను నేను.

"పాస్టరు గారి ముందు మర్యాదకు ఒకసారి అడిగాను. మొదలుపెట్టాక మూడోసారి దాకా పోకుండా ఆపితే ఏం బాగుంటుంది చెప్పండి? ఎలాగూ వద్దంటాడులే అనుకున్నాను."

డ్వేన్ భార్య అప్పటికే మెషిన్‌ని లోపలికి తోస్తోంది.

వెర్లిన్ లెఫ్సెను ఎక్కించుకుని ఇంటికి పోలేదు, తిన్నగా ఇవెట్ ఇంటికి పోనిచ్చాడు. కాదనడం ఒక ఎత్తు, నోరు తెరిచి అడగడం ఒక ఎత్తు. తలుపు తట్టి, టోపీ తీసి, ఆవిడ గుమ్మం దగ్గరికి రాగానే, "నాకు ఆ గురువారం చోటు కావాలి," అన్నాడు. నమస్కారం కూడా చెప్పలేదు.

"వద్దన్నారుగా?"

"అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు చోటు లేదండీ. ఎనిమిది కుక్కలు. అంతకు మించి నేను చూడలేను."

నేను కారు వైపు తిరిగాను. వాడు మాత్రం టోపీ పెట్టుకుని వెనక్కి తిరగలేదు. "అయితే మీకు డమ్మీలు విసిరే మనిషి కావాలా? నా మోకాలు పనికి రాదు గాని చెయ్యి బాగానే పనిచేస్తుంది. అందరి కుక్కలకూ విసురుతాను. చివర్లో వెలుగు మిగిలితే నా దానికి చూపించండి."

ఇవెట్ వాణ్ని కిందినుంచి పైకి చూసింది. "వేసవి వచ్చిందంటే విసిరే మనిషి దొరక్క చస్తున్నానండీ. అయిదింటికల్లా చెరువు దగ్గర ఉండండి. దోమల మందు పూసుకుని రండి."

ఆ వేసవంతా గురువారాలు వాడు ఎనిమిది కుక్కలకు విసిరాడు. ఏ కుక్క ఎందుకు తప్పుతుందో ఎనిమిది రకాలుగా చూశాడు. ఇంటికొచ్చి లెఫ్సెతో అదే సాధన. జులైలో అది డమ్మీని తీసుకుని అవతలి గట్టు మీద పిక్నిక్ చేసుకుంటున్నవాళ్ల దగ్గరికి పోయి శాండ్‌విచ్ తినొచ్చింది. ఆగస్టులో రెండు వారాలు ఏమీ రానట్టే ఉంది. వాడికి ఒక్కసారీ కోపం రాలేదు. రుబార్బ్ కేకు ఇద్దామని వెళ్తే, పెరట్లో చెయ్యి పైకెత్తి నిలబడిన మా తమ్ముడూ, దూరంగా కూర్చుని వాడినే చూస్తున్న కుక్కా కనిపించేవాళ్లు. వాడు అంత హాయిగా ఉండడం నేను చిన్నప్పుడే చూశాను.

వేట మొదలయ్యే శనివారం తెల్లవారుజామున ముగ్గురం జమ్ము మధ్య కూర్చున్నాం. నేను వెళ్లింది ఫ్లాస్కులో కాఫీ తాగడానికే, తుపాకీ ముట్టను. పొద్దుపొడిచాక నాలుగు టీల్ బాతులు, నీళ్లలో ఎరగా వదిలిన బొమ్మబాతుల మీదికి దిగాయి. వెర్లిన్ ఒక్కటి కొట్టాడు. అది దూరంగా, దట్టమైన జమ్ములో, ఎవరికీ కనపడని చోట పడింది. మోకాలు బాగున్న రోజుల్లో కూడా అక్కడికి వెళ్లడం కష్టమే.

లెఫ్సె దూకింది. ఎడమకు పోయింది, తప్పు. వాడు ఈల ఒక్కసారి ఊదాడు. నీళ్లలోనే అది ఇటు తిరిగి వాణ్ని చూసింది. వాడు కుడి చెయ్యి చాపాడు. అది అటే ఈదుకుంటూ జమ్ములో మాయమైంది. ఎంతసేపటికో ఆకులు కదిలాయి. నోట్లో బాతుతో, చెవుల నిండా నాచుతో వచ్చి వాడి ముందు కూర్చుని, వాడి అరచేతిలో పెట్టింది.

మా తమ్ముడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది?

"దీనికి పదకొండేళ్లు వచ్చేదాకా నేను ఇక్కడికి రావచ్చక్కా," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

"అప్పటికి నాకు ఎనభై రెండురా."

"ఉండనీ. నువ్వు పక్కన ఉంటే నాకు బాగుంటుంది. ప్రతి ఏడూ రా."

వస్తానన్నాను.