బోణీకి ఇచ్చిన సీటు

మొన్న మా అమ్మాయి తన కాలేజీ లెక్చరర్లకు ఫోన్లో నక్షత్రాలు వేస్తూ కూర్చుంది. ఎవరి పాఠం ఎంత నచ్చిందో చెప్పమని కాలేజీవాళ్లే అడిగారట. మార్కులు తక్కువేసిన మేడానికి ఒక్కటే పెట్టి కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ, పాత సంగతొకటి గుర్తొచ్చి ఆగిపోయాను. నా ఈడువాళ్లకు చెప్పుకుంటే అర్థమవుతుందని రాస్తున్నాను.

గద్వాలలో మాది చీరల దుకాణం. మా ఇంట్లో పిల్లలకు నడకకన్నా ముందు బేరం వచ్చేది. నేనైతే పెళ్లిచూపుల్లో కూడా ఇంకో లడ్డూ కొసరడిగానని మా ఇంటావిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. పొద్దున మొదట వచ్చిన గిరాకీని నష్టమైనా సరే ఉత్తచేతులతో పంపకూడదన్నది మా నాయన నియమం. బోణీ తప్పితే ఆ రోజంతా తప్పినట్టే. అన్నలిద్దరూ గల్లా దగ్గర కుదురుకున్నాక నాకు చోటు మిగలక, రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్లలో, వనపర్తిలో కొత్తగా పెట్టిన ల్యాబ్ టెక్నీషియన్ల కాలేజీలో పిల్లల్ని చేర్పించే పనికి చేరాను. యజమాని నా డిగ్రీ అడగలేదు, దుకాణం ఎన్నేళ్లదని అడిగాడు.

అడ్మిషన్లు మొదలైన రోజు పొద్దున్నే వీపనగండ్ల నుంచి ఒక రైతు తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. అంతా నచ్చింది గానీ పిల్లవాణ్ణి రోజూ క్లాసుకు పంపడం మాత్రం కుదరదన్నాడు.

"వీడు ఈడికొస్తే చేను ఎవలు జూస్తరు సేటూ? కాయితం ఇప్పియ్యి, సాలు. నాగర్‌కర్నూల్ల ఒకాయన గట్లనే ఇస్తనన్నడు."

అంటూ లేచాడు. బోణీ గడప దాటిపోతోంది. భుజం పట్టి కూర్చోబెట్టి, రానక్కర్లేదు, హాజరు మేమే వేసుకుంటామని చెప్పాను, చీరకు జాకెట్ గుడ్డ కొసరు వేసినంత సులువుగా. ఆ వారం తిరగకముందే బిజినేపల్లి నుంచి వచ్చినవాళ్లు కూడా వీపనగండ్లవాళ్లకు ఇచ్చిన బేరమే కావాలన్నారు. ఒకరికిచ్చి ఇంకొకరికి లేదనడం మా దుకాణంలో లేదు. సీట్లన్నీ నిండాయి, క్లాసు ఖాళీ అయింది, మైక్రోస్కోపులు గుడ్డ కప్పుకొని కూర్చున్నాయి.

పాఠం చెప్పేది సర్కారు దవాఖానలో నెత్తురు పరీక్షలు చేసి రిటైరైన పెద్దాయన. అందరం సాబ్ అనేవాళ్లం. ముగ్గురొచ్చినా ముప్పైమంది ఉన్నట్టే చెప్పేవారు. ఏడాది చివర ప్రాక్టికల్లో ఆ రైతు కొడుకు నెత్తురు గ్రూపు తేల్చలేకపోతే సాబ్ ఫెయిల్ చేశారు. తండ్రి వచ్చి, నువ్వు చెప్పిన మాటేంది, జేసిన పనేంది అని అందరి ముందు నిలదీశాడు. యజమాని నా వైపు చూశాడు. గిరాకీని సముదాయించడం నా పనే కదా. సాబ్ దగ్గరకు పోయి, ఒక్కడే కదా, చూసీచూడనట్టు పోదామని బతిమాలాను.

ఆయన అరవలేదు. "బేటా, చీర రంగు బోతే మార్చిస్తవ్. తప్పు నెత్తురు ఎక్కిస్తే ఏం మార్చిస్తవ్, చెప్పు?"

బేరం తెగనప్పుడు దుకాణదారుడు నవ్వుతాడు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ఆయన రాలేదు. అడిగినచోట సంతకం పెట్టే మనిషిని వెతికి తెచ్చింది నేనే. అతణ్ణి తక్కువ జీతానికే ఒప్పించానని అప్పట్లో మురిసిపోయాను కూడా.

నాలుగేళ్లకు మా అక్కకు నాగర్‌కర్నూల్లో ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ పడింది. నెత్తురు తెమ్మని గ్రూపు రాసిన చీటీ ఇచ్చారు. ఇచ్చినవాణ్ణి నేను గుర్తుపట్టేలోపే అతను నా కాళ్లకు మొక్కాడు. అప్పటి నూనూగు మీసాలు కాస్తా గుబురయ్యాయి. ఆ వీపనగండ్ల పిల్లవాడు. చేను అమ్మేశారట, నా దయవల్ల ఈ నౌకరీ దొరికిందట. నా ముందర ఇంకోసారి పరీక్ష చేయమన్నాను. అతను నొచ్చుకోలేదు. గాజుపలక మీద అక్క నెత్తురు చుక్కలు వేసి, గడ్డ కడితే గ్రూపు తెలిపే మందు కలిపి, అటూ ఇటూ వంచి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత పలకను నా ముఖం దగ్గరకు తెచ్చాడు.

"సార్, మీరు జర చూడుండ్రి. ఇది గడ్డ కట్టినట్టేనా?"

నేను చీరలు అమ్మేవాళ్ల కొడుకును. ఉన్నపళంగా జీపు మాట్లాడి అక్కను పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ తేల్చిన గ్రూపు వేరు. అక్క బతికింది. నాగర్‌కర్నూల్ దవాఖానవాళ్లకు మాత్రం నేను సంగతి చెప్పలేదు. చెప్తే ఇతన్ని పాస్ చేయించిందెవరని అడుగుతారు. అతను అక్కడ ఇంకా ఎన్నాళ్లు చీటీలు రాశాడో నాకు తెలియదు. తెలుసుకోలేదు.

ఆ రోజుల్లో ఆ బేరం అడిగేవాడు కాస్త గొంతు తగ్గించి అడిగేవాడు, ఇచ్చే నేనూ తలుపు ఓరగా వేసి ఇచ్చేవాణ్ణి. ఆ మాత్రం సిగ్గు ఇద్దరికీ ఉండేది. ఇప్పుడు క్లాసుకు రానక్కర్లేదన్న అదే మాట ఆటోల వెనక ఫ్లెక్సీ మీద కనిపిస్తోంది. వయసు మీద పడుతోంది, నెలకోసారైనా నెత్తురు పరీక్షకని సూదికి చెయ్యి చాపాల్సి వస్తోంది. సూది పట్టిన పిల్లల్ని ఎక్కడ చదివావు బిడ్డా అని అడగబోయి ఊరుకుంటాను, మా కాలేజీ పేరే చెప్తారేమోనని.