మా నాన్న బండి, ముప్పై అయిదో వంతు

పార్సిల్ వచ్చిన రోజు కాలేజీకి సెలవు పెట్టేశాను. కారణం జ్వరం అని రాశాను. మరీ అబద్ధం కాదు, ఒళ్లు నిజంగానే వెచ్చగా ఉంది. ఆ పెట్టె మీది బొమ్మ చూస్తే నాలాంటి వాడికి ఎవడికైనా అలాగే ఉంటుంది. ముందు లారీకి ఉన్నట్టు రెండు చక్రాలు, వెనక ట్యాంకుకి ఉన్నట్టు చైన్లు, పైన కప్పు లేని ఇనప తొట్టి. దాన్ని హాఫ్ ట్రాక్ అంటారు. మా నాన్న పటాలంలో డ్రైవరుగా ఉన్నప్పుడు నడిపిన బండి అదే. అసలు బండిలో ముప్పై అయిదో వంతుండే ప్లాస్టిక్ నమూనా, ఇంకా ముక్కలుగా, నా ఒళ్లో ఉంది.

"ఏటిరా అది?" అంది అమ్మ వంటింటి గుమ్మంలోంచి.

"నాన్న బండి."

"అంత సిన్న పెట్టిలోన?"

మూత తీసి చూపించాను. ప్లాస్టిక్ చట్రాలకి కాయలు కాసినట్టు వందల ముక్కలు. అమ్మ ఒక చట్రం పైకెత్తి వెలుతురులో తిప్పి చూసింది.

"నిన్ను మోసం సేసినార్రా. బండి అని సెప్పి దువ్వెనలు పంపినారు. తిరిగి పంపించీ."

పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకునే మనిషికి, జుట్టు నెరిశాక, ఈ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పాలి. మాది గజపతినగరం. వరి, మెట్టలో నువ్వులు, మా ఇంటి చరిత్ర అంతే. అందులో మా నాన్న ఒక్కడే వయసులో పటాలానికి వెళ్లి, కొన్నేళ్లు ఆ బండి నడిపి, మళ్లీ వచ్చి నాగలి పట్టాడు. ఇంగ్లీషు వాళ్లు వదిలేసి పోయిన బండి, ఆయన చేతికి వచ్చేనాటికే ముసలిదట. దాని పక్కన, బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డ ఫొటో ఒకటి మా గోడ మీద ఉండేది. నలుపు తెలుపు ఫొటో. ఆయన చేతి కింద బానెట్ మీద ఒక మసక మరక కూడా ఉండేది, ఫొటోకి బూజు పట్టిందని అనుకునేవాణ్ణి. ఒక తుఫానుకి మా పెంకులు లేచిపోయి, తెల్లారేసరికి గోడా, ఫొటో రెండూ నానిపోయాయి. ఫ్రేములో తెల్ల కాగితం మిగిలింది. "బండే పోనాది, పొటో ఎంత," అన్నాడు నాన్న.

అన్నాడు గానీ, రాయగడ రోడ్డు మీద మిలిటరీ లారీలు పోతున్న చప్పుడైతే భోజనం మధ్యలోంచి లేచి వెళ్తాడు. టీవీలో పెరేడు వస్తే కుర్చీ ముందుకి లాక్కుంటాడు. ప్రతి బండినీ చూసి, "మా బండి కాదు," అని వెనక్కి జరుగుతాడు. అంతే, ఇంకో మాట ఉండదు. చిన్నప్పటినుంచి వింటున్నాను ఆ మాట. ఆయనకి ఎనభై దాటాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి "మా బండే" అని ఆయన నోట వినాలని నా కోరిక. దానికోసమే ఇదంతా.

ఇక చూడండి నా సంబరం. భోజనాల బల్ల సగం ఆక్రమించేశాను. గోళ్లు తీసే కట్టరు, మా ఆవిడ కనుబొమలు సవరించుకునే పట్టకారు, సన్నటి గరుకు కాగితం, జిగురు సీసా, ఇవే ఆయుధాలు. ముక్క కత్తిరించడం, అంచు రుద్దడం, ఊపిరి బిగబట్టి అతికించడం. చైను కింద వరసగా ఉండే చిన్న చక్రాలు చక్కగా కూర్చుంటే, ఆ రోజంతా క్లాసులో పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగకుండా వదిలేసేవాణ్ణి. ఆవగింజంత ముక్క ఎగిరి పడిపోతే మాత్రం ఇల్లు దద్దరిల్లేది. ఒకసారి డ్రైవరు తలుపు పిడి ఎగిరింది. మోకాళ్ల మీద టార్చి పట్టుకుని గదంతా దేవుతుంటే అమ్మ ఆగి అడిగింది, ఏటి ఎతుకుతున్నావని.

"తలుపు పిడి."

"ఏ తలుపుది? అన్నీ బాగానే ఉన్నాయి గదరా."

పిడి చివరికి నా చొక్కా మడతలో దొరికింది. "సంకలో పిల్లనెట్టుకుని ఊరంతా ఎతికినట్టున్నాది," అంది మా ఆవిడ. ఆ రోజు ఆవిడతో మాట్లాడలేదు.

నాన్న రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. ముందు ఊరికే చూసేవాడు. తరవాత తప్పులు పట్టడం మొదలైంది.

"ఆ ముందర రోలరు తీసీ. మా దానికి ఇనప తాడు సుట్టే వించి ఉండీది. బురదలో దిగిపోతే దాంతోనే లాక్కునీవోళ్లం."

పెట్టెలో రెండూ ఇచ్చారు. రోలరు పీకి వించి పెట్టాను.

"తలుపు పై రేకు దించీ. ఎండకి లోపల ఉడికిపోయీవోళ్లం. ఎప్పుడూ దించే ఉండీది."

దించాను. వెనక తొట్టిలో టీ కెటిల్ వేలాడేదని చెప్పాడు. మిగిలిన ప్లాస్టిక్ పుల్లని అగరొత్తి నిప్పు మీద సాగదీసి, చెయ్యి కాల్చుకుని, కందిగింజంత కెటిల్ చేశాను. రంగు దగ్గర ఇద్దరం పోట్లాడుకున్నాం. పెట్టె మీది ఆకుపచ్చ చూసి ఆయన మొహం చిట్లించాడు. పచ్చా కాదు, గోధుమా కాదు, ఎండబోతున్న పేడ రంగు అన్నాడు. కలిపి కలిపి, చివరికి నిజంగానే పిడక ముక్క పక్కన పెట్టుకుని సరిచూశాను. దుమ్ము కోసం మా మెట్ట ఎర్రమట్టి పంచె గుడ్డలో జల్లిస్తే, తను బండి నడిపిన చోట మట్టి తెలుపు అన్నాడు. ఎర్రమట్టి పారబోసి, నీళ్ల పొయ్యి బూడిద జల్లించాను. దాన్ని కుంచెతో చైన్ల మీద అద్దగానే, ఎక్కడో దూరం నుంచి వచ్చి మా బల్ల మీద ఆగిన బండిలా అయిపోయింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా.

నాన్న కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు.

"బాగుంది," అన్నాడు. "మా బండి కాదు గానీ."

"ఇంకేం తక్కువైంది నాన్నా?"

"ఏటో తక్కువ. నాకూ తెలవటం నేదు."

కొండంత ఆశ గోరంత అయింది. చెప్పింది చెప్పినట్టు చేశాను కదా, ఇంకేం కావాలీయనకి అని లోపల కుతకుతలాడాను. అయినా వదల్లేదు. దసరా దగ్గరపడింది, ఆ వెంటనే మంగళవారం సిరిమాను జాతరకి చుట్టాలంతా విజయనగరం వస్తారు, దారిలో మా ఇంట్లో దిగుతారు. ఈ లోపల ఆ తక్కువేదో కనిపెట్టాలని పుస్తకాలూ వీడియోలూ తిరగేశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బండి మెరవకుండా పైన చివరి పూత కూడా వేసేశాను. ఇక దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదని ఇంట్లో అందరికీ చెప్పాను.

దసరా పొద్దున్న బంతిపూలకి బజారుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అమ్మ ఆయుధ పూజ సగం చేసేసింది. కొడవలి, పార, కుట్టు మిషను, మిక్సీ, వాకిట్లో నా మోటారు సైకిలు, అన్నిటికీ పసుపూ కుంకుమా. వాటి వరసలో, పీట మీద, నా హాఫ్ ట్రాక్. బానెట్ మీద మూడు వేళ్ల పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

తడి దూదితో తుడిచాను. పసుపు మరింత పాకింది. నిగారింపు లేని ఆ పూత పసుపునీళ్లని అమాంతం తాగేసింది. గట్టిగా రుద్దితే కింది రంగు లేస్తుంది. ఒళ్లు తెలీకుండా అరిచాను. పండగ పూట అనకూడని మాటలే అన్నాను.

అమ్మ తొణకలేదు. "కొత్త బండి ఇంటికొస్తే బొట్టెట్టరా? నీ బండికెట్టినాను. మీ నాన్న బండికెట్టకపోతే ఆయన మనసు ఊరుకుంటాదా?"

"అది బండి కాదమ్మా, నమూనా."

"మొన్నటిదాకా నువ్వే బండన్నావు. ఇప్పుడు నమూనా అంటావేటి?"

మూల కూర్చుని దూది ఉండ నలుపుతున్నాను. అప్పుడే నాన్న స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని పూజకి వచ్చాడు. పీట ముందు ఆగిపోయాడు. కళ్లద్దాలు తెమ్మని సైగ చేశాడు. మా ఆవిడ తెచ్చి ఇచ్చింది. పెట్టుకుని, మెల్లగా కింద కూర్చున్నాడు.

"పసుపు ఎవలెట్టినారు?"

"నేనే. దానికి మీ కొడుకు కొట్టీసీలా ఉన్నాడు," అంది అమ్మ.

నాన్న పీటని తన వైపు తిప్పుకున్నాడు. తరవాత, ఏ విశేషమూ లేనట్టు, "మా బండే," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"దసరాకి పటాలంలో పూజలు సేసే పండితుడు బళ్లన్నిటికీ ఎర్ర తిలకం ఎట్టీవోడు," అన్నాడు. "మనకి పసుపు లేకపోతే బొట్టేటని, నేను వంటశాల్లోంచి గుప్పెడు పసుపు అడుక్కొచ్చి నా బండికి రాసీసినాను. మా హవల్దారు నీలాగే అరిసినాడు. ఎంత కడిగినా వదల్నేదు. ఆ ఏడంతా ముక్కుకి పసుపుతోనే తిప్పినాను."

ఫొటోలో ఆయన చేతి కింది ఆ మసక మరక నాకు అప్పుడు అర్థమైంది. అది బూజు కాదు. నలుపు తెలుపు ఫొటోలో పసుపు అలాగే పడుతుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అమ్మ కాళ్లకి దండం పెట్టాను. "పండగ కదా, దండం మామూలుగానే ఎడతావు," అంది ఆవిడ.

"నిమ్మకాయలేవి మరి?" అన్నాడు నాన్న.

అమ్మ నిమ్మకాయ తెచ్చి చక్రం ముందు పెట్టింది. చక్రం కంటే అదే పెద్దది. బండి ఎక్కితే బోర్లా పడుతుంది. నాలో మాస్టారు నిద్ర లేచాడు. నిమ్మకాయని ముప్పై అయిదుతో భాగిస్తే ఎంత? పోపుల పెట్టె దగ్గరికి పరుగెత్తాను. ఆవగింజ. సరిగ్గా ఆవగింజే. రెండు గింజలకి పసుపు రాసి, పట్టకారుతో ఒక్కో చక్రం ముందూ ఒక్కోటి పెట్టాను.

నాన్న అరచెయ్యి చాచి, వేళ్లు బానెట్ మీద ఆనించాడు. సరిగ్గా ఆ పసుపు మీదే. ముందు ఇరుసు అగ్గిపుల్ల కంటే సన్నం, అంత బరువు ఆపదని నాకు తెలుసు. పట్టకారు పక్కన పెట్టి వెనక్కి జరిగాను.

"పోనీ," అని మెల్లగా నొక్కుతూ తోశాడు.

రెండు గింజలూ చిట్లాయి. ఇరుసు కూడా చిన్న చప్పుడు చేసి, ఎడమ చక్రం పక్కకి ఒరిగింది. చుట్టాలొచ్చినప్పుడు చక్రం వంకరేమిటని అందరూ అడిగారు. జిగురు సీసా పక్కనే ఉంది, నేను దాన్ని అతికించలేదు.