దార్లో ఉన్నానన్న పెద్దాయన

ఆ పేటలో నీళ్ల మోటారున్న ఏ ఇంటికైనా వెళ్లి చూడండి. మోటారు వీపు మీద ఎర్ర రంగుతో ఒక ఫోను నంబరు రాసి ఉంటుంది. అంకెలు గుండ్రంగా, అచ్చు పోసినట్టుంటాయి. పల్లెటూరి బళ్లో పలక మీద దిద్దిన చేతిరాత అది. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది గానీ రాత వంకర పోలేదు. ఆ నంబరు మోటారు పెద్దాయనది.

పెద్దాయనంటే ఆషామాషీ మనిషి కాడు. బావిలో జారిపోయిన మోటారును కొక్కెంతో తడిమి తడిమి పైకి లాగినవాడు. వరదొచ్చిన ఏడు వీధి వీధంతా తడిసిన మోటార్లను తన వసారాలో వరసగా పేర్చి, బల్బుల వేడికి ఆరబెట్టి, ఎవరిది వాళ్లకు తిరిగి బిగించి ఇచ్చినవాడు. లిఫ్టు లేని మేడ మీదికి, అయిదంతస్తులు, మోటారును భుజాన మోసినవాడు. తమ్ముణ్ణి చదివించాడు. ఇల్లు కట్టాడు. ఆ ఇంటి ముందుగదిలోనే షాపు పెట్టాడు. ఇవన్నీ షాపుకొచ్చే కొత్తవాళ్లకు ఆయనే చెబుతాడు, పాతవాళ్లకూ చెబుతాడు. "ఆ మేడకు పోయినేడు నాలుగంతస్తులేగా ఉన్నాయి?" అని భార్య వంటింట్లోంచి అందిస్తే, వినబడనట్టు స్క్రూడ్రైవరు వెతుక్కుంటాడు.

వీటన్నిటినీ మించిన విద్య ఇంకొకటుంది. మోటారు పాడైందని ఎవరు ఫోను చేసినా, "ఫోను తీసుకెళ్లి మోటారు పక్కన పెట్టు" అంటాడు. కళ్లు మూసుకుని వింటాడు. గరగరమంటే బేరింగు అరిగింది. మూలుగుతూ తిరక్కపోతే కండెన్సరు పోయింది. తేలిగ్గా, హాయిగా తిరుగుతున్నట్టు వినబడితే లోపల నీళ్లు లేవు, గాలి పట్టింది. జబ్బు తెలిశాక ఒకే మాట అంటాడు.

"దార్లో ఉన్నా."

అప్పుడు ఆయన ఏ దారిలోనూ ఉండడు. ఎవరి డాబా మీదో, ఏ గోతిలోనో నడుం దాకా దిగి ఉంటాడు. అది అబద్ధమని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఇవాళ కాకపోతే ఈ రాత్రికి, ఎలాగైనా ఆ ఇంటికి చేరతాడు కదా! పేట జనానికీ లెక్క తెలుసు. పెద్దాయన దార్లో ఉన్నాడంటే దీపాలు పెట్టాక వస్తాడని అర్థం. ఒక్కడే ఉన్నన్నాళ్లూ ఆ బండి అలాగే నడిచింది.

పని పెరిగింది. మేడలు లేచాయి. పెద్దాయన ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నాడు. ఒకడు పొడుగు, ఎంత ఎత్తు ట్యాంకైనా నిచ్చెన లేకుండా తొంగి చూస్తాడు. రెండోవాడు మౌని, పనిమంతుడు, నోట్లోంచి మాట రావాలంటే మోటారుకి నీళ్లు పోసి ఎక్కించినట్టు ఎక్కించాలి. మనుషులు ముగ్గురయ్యారు గానీ ఫోను మాత్రం పెద్దాయన చొక్కా జేబులోనే ఉంది. "అది నా గొంతు కోసం మోగే ఫోను" అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే చిన్నపిల్లల బడి నుంచి ఫోనొచ్చింది. ఆ బడి నడిపే పెద్దమ్మగారిది ఆయన నంబరు రాసిన మొట్టమొదటి మోటారు. ఆవిడంటే ఆయనకు గౌరవం. అప్పుడాయన ఒక గోతిలో ఉన్నాడు. "దార్లో ఉన్నానమ్మా" అన్నాడు. పొడుగుకి ఫోను చేసి బడికి పొమ్మందామనుకునేలోపల, పెద్ద గేటు ఇంటివాళ్లు చేశారు. వాళ్లకూ అదే మాట చెప్పాడు. పొడుగుని పెద్ద గేటు ఇంటికి పొమ్మన్నాడు. ఇంకో రెండు ఫోన్లయ్యాక, పొడుగుని బడికి పంపేశానన్న ధీమాతో మౌనిని కూడా పెద్ద గేటు ఇంటికే పొమ్మన్నాడు.

ఇద్దరూ ఆ గేటు ముందు కలిశారు. "నువ్వెందుకొచ్చావు?" అన్నాడు పొడుగు. మౌని భుజాలెగరేశాడు. పెద్దాయనకు చేసి చూశారు. ఎంగేజు. ఇంకెవరికో దార్లో ఉన్నానని చెబుతున్నాడు.

మధ్యాహ్నం బడి పెద్దమ్మ మళ్లీ చేసింది. "ఏమయ్యా, ఎక్కడున్నావు?"

"దార్లో ఉన్నానమ్మా."

"ఆ దారేదో నువ్వే ఉంచుకో. చేతులు కడుక్కోడానికి చుక్క నీళ్లు లేవు. పిల్లల్ని ఇళ్లకు పంపేశాను. ఇంకొకర్ని పిలుచుకుంటాలే."

ఆవిడ గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం పెద్దాయన తన గొప్పలు ఎవరికీ చెప్పలేదు. ఫోను తీసి కోడలి ముందు పెట్టాడు. ఆ అమ్మాయి పెళ్లికి ముందు బస్సు టికెట్ల కౌంటర్లో పనిచేసింది. సీటు లేకపోతే లేదని చెప్పడం అలవాటైన నోరు.

"ఒక్క షరతు మామయ్యా. నా చేతికొచ్చాక ఇది నా దగ్గరే ఉంటుంది. మధ్యలో లాక్కోకూడదు."

"నేనెందుకు లాక్కుంటాను? చిన్నపిల్లాణ్ణా?"

"ఆ, అవును" అంది భార్య లోపల్నుంచి.

విద్య మాత్రం దాచుకోలేదు పెద్దాయన. రిపేరుకొచ్చిన మోటార్లన్నీ ఒక్కొక్కటే ఆన్ చేసి, కోడల్ని గోడకేసి తిరిగి నిలబడమన్నాడు. "ఇదేంటి చెప్పు?" "బేరింగు." "ఇది?" "గాలి పట్టింది." "ఇది?" "అది మిక్సీ మామయ్యా, అత్తయ్య వేశారు." మోటారు చెవి అబ్బింది పిల్లకి. ఆయనకు సంతోషమూ వేసింది, గుండెలో ఎక్కడో చిన్న నట్టు వదులైనట్టూ అనిపించింది.

మర్నాటి నుంచి ఆయన షాపులో మోటార్లకు రాగితీగ వైండింగు చుడుతూ, చెవి మాత్రం కోడలి మాటల మీద పెట్టి కూచున్నాడు. మోగినప్పుడల్లా చెయ్యి ఖాళీ జేబు మీదికి పోయేది.

"పెద్దాయన్నివ్వమ్మా" అంటున్నారెవరో.

"ఆయన పనిలో ఉన్నారండీ, నాతో చెప్పండి. మూడింటికి పొడుగన్న వస్తాడు."

"మూడింటికా? పెద్దాయనైతే దార్లో ఉన్నా అనేవాడు."

"వచ్చేసేవారా?"

"రాత్రికొచ్చేవాడు."

"మరి రాత్రికంటే మూడు ముందే కదండీ?"

పెద్దాయనకు నవ్వు రాలేదు. అలా ముక్కుసూటిగా చెబితే ఒక్కొక్కరే జారిపోతారని భయం. బడి పెద్దమ్మ పోనే పోయింది. రేపు పెద్ద గేటు, ఎల్లుండి ఇంకొకరు. ఇన్నేళ్లు ఎర్రరంగుతో రాసుకున్న నంబరు మోగడం మానేస్తుందా?

ఉండబట్టలేక ఒకరోజు ఎదురుగా ఉన్న టైలరు షాపులోకి వెళ్లాడు. టైలరు ఫోను అడిగి తీసుకున్నాడు. గొంతు బొంగురు చేసుకుని, తన నంబరు తనే నొక్కాడు.

"హలో, మా మోటారు పాడైందమ్మా. ఇప్పుడే రావాలి."

"ఏం పాడైందండీ? ఒక్కసారి ఫోను మోటారు పక్కన పెట్టండి."

ఇది ఆయన అనుకోని మలుపు. అటూ ఇటూ చూసి, ఫోను తీసుకెళ్లి కుట్టు మిషను పక్కన పెట్టాడు. టైలరు నవ్వాపుకుంటూ కాసేపు తొక్కాడు.

కోడలు విన్నది. "మామయ్యా, అది కుట్టు మిషను. అన్నం చల్లారిపోతోంది, వచ్చెయ్యండి."

టైలరు కుర్చీలోంచి పడిపోయినంత పని చేశాడు. "ఏం పెద్దాయనా, మీ విద్య మీకే తిప్పికొట్టిందే!" అన్నాడు. "ఎవరు నేర్పారనుకున్నావు?" అన్నాడు పెద్దాయన చొక్కా సర్దుకుంటూ. రోడ్డు దాటేంతవరకూ ఛాతీ ముందుకే పెట్టుకుని నడిచాడు.

కొన్నాళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. కోడలు "ఎక్కణ్ణుంచండీ?" అని అడిగి, ఫోను గుండెకు ఆనించుకుని మెల్లగా అంది: "బడి పెద్దమ్మగారు."

పెద్దాయన చేతిలో తీగచుట్ట జారిపోయింది. గబగబా వచ్చి కోడలి ముందు నిలబడ్డాడు. "వచ్చేస్తున్నారని చెప్పు. దార్లో ఉన్నారని చెప్పు" అని పెదాలతోనే అన్నాడు.

"మోటారు పక్కన పెట్టండమ్మా ఒక్కసారి" అంది కోడలు ఫోనులో. ఫోను ఆయన చెవి దగ్గరకూ జరిపింది. ఇద్దరూ తల వంచి విన్నారు. మూలుగు. తిరగడం లేదు. మామాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వెంటనే స్విచ్చి ఆపెయ్యండమ్మా, అలాగే ఉంచితే లోపల కాలిపోతుంది. ఇవాళ మావాళ్లెవరికీ ఖాళీ లేదు. రేపు పొద్దున ఏడింటికి మౌనన్న వస్తాడు. పిల్లలొచ్చేసరికి నీళ్లుంటాయి. ఇవాళ్టికి ట్యాంకులో ఉన్నవాటితో సరిపెట్టుకోండి, మొక్కలకు వదలకండి."

పెద్దాయన నెత్తి పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. ఇవాళ లేదంట! ఒకసారి పోయి, తిరిగొచ్చిన మనిషికి ఇవాళ లేదని చెప్పిందీ పిల్ల!

అవతల్నుంచి అడిగింది పెద్దమ్మ: "ఏడంటే ఏడేనా?"

"ఏడేనమ్మా."

"సరే, చూస్తాను."

ఫోను పెట్టగానే పెద్దాయన స్కూటరు తాళం అందుకున్నాడు. "నేను పోతాను. ఎంతసేపు పని!"

"ఆసుపత్రి మోటారు వైండింగు సాయంత్రానికి ఇస్తారని నేను వాళ్లకు చెప్పాను మామయ్యా. మీరు అక్కడికి పోతే, వీళ్లు మీ కోసం దారి చూస్తూ కూచుంటారు."

తాళం చేతిలోనే ఉంది. పెద్దాయన గుమ్మం దాకా వెళ్లాడు. వీధి చూశాడు. వెనక్కొచ్చి తాళం మేకుకి తగిలించి, తీగచుట్ట ఎత్తుకున్నాడు. ఆసుపత్రి మోటారు సాయంత్రానికి అయింది.

రాత్రి మౌని ఇంటికి పోతుంటే పిలిచి, ఎర్ర రంగు డబ్బా, సన్న కుంచె చేతికిచ్చాడు. ఆ కుంచె ఇంతవరకూ ఇంకొకరి చేతికి పోలేదు. "ఆవిడ మోటారు మీద రంగు పాతబడుంటుంది. పనయ్యాక మళ్లీ దిద్దు. అంకెలు గుండ్రంగా రావాలి, తెలిసిందా?" మౌని తలూపాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "ఆరున్నరకే ఉంటాను మేస్త్రీ" అన్నాడు. నెలరోజుల్లో వాడు మాట్లాడిన అతి పెద్ద మాట అది.

మర్నాడు పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని షాపులో ఊరికే కూచున్నాడు. ఎనిమిది దాటాక ఫోను మోగింది. కోడలు విని, ఫోను ఆయన చేతికిచ్చింది. షరతు తనే సడలించింది.

"ఏమయ్యా" అంది బడి పెద్దమ్మ. వెనక పిల్లల గోల, కుళాయి కింద చేతులు కడుగుతున్న చప్పుడు. "మీవాడు నేను గేటు తీసేసరికే బయట నిలబడున్నాడు. నోట్లో నాలుక లేదు గానీ చేతిలో పనుంది. ఇంతకీ నువ్వెక్కడున్నావు? దార్లోనేనా?"

ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. పెద్దాయన దాన్ని మింగేశాడు.

"లేదమ్మా. కుర్చీలో ఉన్నాను. టీ తాగుతున్నాను."

ఆవిడ నవ్వింది. "తాగు, తాగు" అంది.